జ్వరం వస్తే చెబుతాం, దిగులు వస్తే దాస్తాం



ఈ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు అంశం కూడా వాళ్ళే చెప్పారు, "విద్యార్థి - లక్ష్యసాధన" అని. ఆ పేరుతో మన సంచికల్లో ఇప్పటికి ఎన్ని వ్యాసాలు వచ్చాయో లెక్కలేదు. వాటిలో కొన్ని మేమే రాశాం. కలాం గారు కలలు కనమన్నారు అనే మాట లేకుండా ఒక్క సంచికా అచ్చవలేదు. కలలు కనాలంటే ముందు నిద్ర పట్టాలి కదా! మాలో ఒకడికి రెండేళ్ళ క్రితం నలభై రోజులు సరిగా నిద్ర పట్టలేదు. అందుకని ఈసారి లక్ష్యసాధన పక్కనపెట్టి ఈ సంగతి రాస్తున్నాం. తమ్ముళ్ళు ఏమీ అనుకోవద్దు.

మేము అంటే ఈ హాస్టల్లో ట్రంకు పెట్టెల మీద పుస్తకాలు పెట్టుకుని చదివి, సత్తుపల్లిలోనో ఖమ్మంలోనో ఇంటరు, డిగ్రీ పూర్తిచేసి, ఇప్పుడు వేర్వేరు విశ్వవిద్యాలయాల్లో పీజీ చేస్తున్న నలుగురైదుగురం. అందరం మాట్లాడుకుని ఇది రాశాం. కలం పట్టినవాడి వయసు ఇరవైమూడు. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. ఆ పట్టా గోడకు తగిలించాక, దాని కిందే మా అమ్మానాన్నలు పామాయిల్ తోటలకు, మామిడి తోటలకు కూలికి పోయేటప్పుడు అన్నం క్యారేజీలు సర్దుకుంటారు.

వేంసూరు హాస్టల్లో మాకు తెలిసిన ఒక మంచి అలవాటు గురించి ముందు చెప్పాలి. ఇక్కడ ఒకడికి జ్వరం వస్తే హాలంతా తెలిసిపోయేది. వానాకాలం మొదలయిందంటే ఒకరి తర్వాత ఒకరం దుప్పటి కప్పుకుని పడుకునేవాళ్ళం. ఏఎన్ఎమ్ అక్క వచ్చి వేలు మీద పొడిచి రక్తపూత తీసుకునేది. ఒకడు గంజి తెచ్చేవాడు, ఒకడు తడిగుడ్డ వేసేవాడు. కళ్ళకలక వస్తే పదిమందికీ వచ్చేది, గజ్జి వస్తే పదిమందీ ఒకే మందు పూసుకుని ఎండలో నిలబడేవాళ్ళం. ఎవడూ సిగ్గుపడలేదు. గజ్జికే సిగ్గుపడని వాళ్ళం ఇక దేనికి సిగ్గుపడతాం అనుకుంటాం.

కానీ ఒకదానికి సిగ్గుపడ్డాం. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక తమ్ముడు మెల్లమెల్లగా మాట్లాడటం మానేశాడు. స్టడీ అవర్లో పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చునేవాడు. అన్నం సగం వదిలేసేవాడు. రాత్రి అందరూ పడుకున్నాక నీళ్ళ ట్యాంకు దగ్గర ఒంటరిగా కనిపించేవాడు. మేము ఏం చేశాం? "మెంటల్" అని పేరు పెట్టాం. ఒకడయితే "వీణ్ణి ఎర్రగడ్డ బస్సెక్కించాలిరా" అన్నాడు, అందరం నవ్వాం. వాడి గురించి పెద్దవాళ్ళెవరికీ చెప్పలేదు. వాడికి జ్వరం లేదుగదా! సంక్రాంతి సెలవులకు వెళ్ళినవాడు తిరిగి రాలేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారని తర్వాత తెలిసింది. ఇప్పుడు తోటల్లో పనికి పోతున్నాడు. ఎక్కడయినా ఎదురుపడితే మమ్మల్ని చూసి నవ్వుతాడు. ఆ నవ్వుకు ఏం బదులివ్వాలో మాకు ఇప్పటికీ తెలియదు. ఆ తప్పు హాస్టల్ది కాదు, వార్డెన్ సార్ది కాదు. పక్క పెట్టె వాళ్ళం మేమే.

ఇక నలభై రోజుల సంగతికి వద్దాం. మాలో ఒకడు అన్నాం. ఎవరో చెప్పి తీరాలనేమీ లేదు గానీ, దాచిపెట్టి "దాచొద్దు" అని రాయడం అన్యాయం. కలం పట్టినవాడే.

పీజీ మొదటి సెమిస్టర్. ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నవాడే. క్లాసులో మొదటిరోజు పరిచయాల తర్వాత పక్కవాడు "ర్యాంకు ఎంత?" అని అడిగాడు. అది ర్యాంకు కోసం అడిగిన ప్రశ్న కాదని మనలాంటి వాళ్ళకు వెంటనే తెలుస్తుంది. డిగ్రీ దాకా తెలుగు మీడియం. సెమినార్ ఇవ్వాలంటే రాత్రంతా బట్టీపట్టి, పొద్దున లేచి నిలబడితే మొదటి వాక్యం తర్వాత రెండోది రాలేదు. వెనక బెంచీలో ఎవరో చిన్నగా దగ్గారు. బహుశా నిజంగా దగ్గే అయివుండొచ్చు. వాడికి మాత్రం ఆ రోజునుంచి ఎవరు దగ్గినా తనను చూసే దగ్గినట్టు ఉండేది. దానికితోడు స్కాలర్‌షిప్ రాలేదు, మెస్సు బిల్లు పెరుగుతోంది. బకాయిలు కట్టనివాళ్ళ పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు.

తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. ఇక పట్టేది కాదు. ఆకలి లేదు. తల బరువు, గుండె దడ, కాళ్ళు లాగడం. ఆదివారం అమ్మ ఫోన్ చేసేది. "ఎట్టా ఉన్నావు అయ్యా? తింటన్నావా?" అని. "బాగున్నానమ్మా, తిన్నాను" అనేవాడు. ఊళ్ళో నలుగురికీ మా వాడు యూనివర్సిటీ అని చెప్పుకునే అమ్మకు ఇంకేం చెబుతాడు? మొదటి తరం చదువరులకు ఉన్న పెద్ద చిక్కు ఇదే. పడిపోతే తాను ఒక్కడే పడిపోడు, ఇంటిల్లిపాదీ ఎక్కిన నిచ్చెన పడిపోతుందని అనుకుంటాడు. అందుకే ఎవరితో చెప్పుకోవాలో వాళ్ళతోనే చెప్పలేడు.

దసరాకు ఇంటికి వస్తే అమ్మ చూసి హడలిపోయింది. ఆర్ఎంపీ దగ్గరికి తీసుకుపోయింది. నీరసం అని సెలైన్ ఎక్కించి, బలానికి సూది వేశాడు. తగ్గలేదు. ఎవరో చెబితే పట్నంలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. తల స్కానింగ్ తీశారు. ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్న ఆ మాటకు అమ్మ రెండు నెలల కూలి డబ్బులు అయిపోయాయి. వాడికేమో ఏమీ లేనప్పుడు ఇలా ఎందుకుందో అర్థం కాక ఇంకా భయం పట్టుకుంది.

మన ఊళ్ళల్లో దిగులు ఎప్పుడూ దిగులు పేరుతో డాక్టరు దగ్గరికి పోదు. తలనొప్పి అంటుంది, గ్యాస్ అంటుంది, నరాల బలహీనత అంటుంది, దిష్టి అంటుంది. అబద్ధం చెబుతున్నట్టు కాదు. ఆ నొప్పులు నిజంగానే ఉంటాయి. మనసు బాగాలేకపోతే నిద్ర, ఆకలి, కడుపు, గుండె అన్నీ అదుపు తప్పుతాయి. కానీ అడిగేవాడు లేకపోతే అసలు సంగతి బయటికి రాదు. వారాల తరబడి ఏ పనిమీదా మనసు పోకపోవడం, ఇష్టమైన క్రికెట్ కూడా రుచించకపోవడం, తెల్లారగట్ల మెలకువ, నేనెందుకూ పనికిరాను అనే ఒకే ఆలోచన తిరగడం, ఇవి రెండు వారాలు దాటి వదలకపోతే దాన్ని డాక్టర్లు డిప్రెషన్ అంటారు. పత్రికల వాళ్ళు కుంగుబాటు అని రాస్తారు. అది పిచ్చి కాదు, సోమరితనం కాదు, గాలి అసలే కాదు. బాగయ్యే జబ్బు.

వాడు సెలవుల తర్వాత విశ్వవిద్యాలయంలో ఉన్న కౌన్సెలింగ్ గదికి వెళ్ళాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ గది స్కాలర్‌షిప్ సెక్షన్ పక్కనే. క్లాసువాళ్ళంతా అక్కడే లైన్లో ఉంటారు. మొదటి రెండుసార్లు తలుపుదాకా పోయి, నేనూ స్కాలర్‌షిప్ కోసమే వచ్చానన్నట్టు లైన్లో నిలబడి వెనక్కి వచ్చాడు. మూడోసారి లోపలికి వెళ్ళాడు. ఆమె మంచిగానే కూర్చోబెట్టి ఇంగ్లీషులో ఎలా ఉన్నావని అడిగారు. వాడు "ఐ యామ్ ఫైన్" అన్నాడు. మనకు ఇంగ్లీషులో మొదట వచ్చిన వాక్యాల్లో అదొకటి మరి! నోటికి అదే వచ్చింది. పదినిమిషాల్లో బయటికి వచ్చేశాడు.

చివరికి ఆదుకున్నది మన హాస్టల్ పూర్వ విద్యార్థి, అదే విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న అన్న. ఒక రాత్రి మెస్సులో ఎదురుగా కూర్చుని, "ఏరా, ప్లేటులో అన్నం అట్లాగే ఉంది, వారం నుంచి చూస్తున్నా" అన్నాడు. అంతే. ఇంకేం సలహా ఇవ్వలేదు. మర్నాడు పొద్దున ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి తానే తీసుకెళ్ళాడు. చీటీ రాయించి, లైన్లో పక్కనే నిలబడ్డాడు. డాక్టరు తెలుగులో అడిగిన మొదటి ప్రశ్న, "తెల్లవారుజామున ఎన్నింటికి మెలకువ వస్తోంది?" అని. ఎవరూ అడగని ప్రశ్న అది. వాడు ఏడ్చేశాడు. డాక్టరు ఆగమనలేదు, తొందరపెట్టలేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా నేరుగానే అడిగారు. అవునన్నాడు. అది విని అన్న ముఖం పాలిపోయింది గానీ డాక్టరు కంగారుపడలేదు.

మాత్రల గురించి తమ్ముళ్ళకు చాలా అనుమానాలుంటాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం. డిప్రెషన్‌కు ఇచ్చే మాత్రలు నిద్రమాత్రలు కావు, వాటికి మత్తుమందులా బానిసలు కారు. వేసిన మర్నాడే పనిచేయవు, గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదట్లో కొంత కడుపులో తిప్పడం లాంటివి ఉంటాయి. అప్పుడే చాలామంది మానేస్తారు. ఇంకొందరు తగ్గిందనిపించగానే మానేస్తారు. రెండూ తప్పే. డాక్టరు చెప్పేదాకా సొంతంగా ఆపకూడదు. అందరికీ మాత్రలు అవసరం కూడా కాదు, కొందరికి వారం వారం కూర్చుని మాట్లాడితే సరిపోతుంది. వాడికి రెండూ అవసరమయ్యాయి. మూడో వారంలో ఒకరోజు పొద్దున అయిదున్నర దాకా పడుకున్నాడు. ఆ సంగతి అన్నకు ఫోన్ చేసి చెప్పాడు, ఫస్టు క్లాసు వచ్చినంత సంబరంగా.

ఇదంతా చెబితే మా మిత్రుల్లో రెండు రకాల వాదనలు వచ్చాయి. ఒకాయన అన్నాడు, "ఇవన్నీ డబ్బున్నోళ్ళ జబ్బులు. మన నాన్నలు బస్తాలు మోశారు, వాళ్ళకు డిప్రెషన్ వచ్చిందా?" అని. వచ్చింది. మన నాన్నల్లో ఎంతమంది సారా దుకాణం దగ్గర కూర్చుని రాత్రి చేశారు? మన అమ్మల్లో ఎంతమందికి దేవుడు పూని జుట్టు విరబోసుకున్నారు? అందరిదీ ఈ జబ్బేనని మేము అనం. పేరు లేక, డాక్టరు లేక, అది అట్లా బయటపడినవాళ్ళు ఉండే ఉంటారంటున్నాం. వాళ్ళు ఓర్చుకున్నారు కాబట్టి మనమూ ఓర్చుకోవాలంటే, వాళ్ళు చదువుకోలేదు కాబట్టి మనమూ చదువుకోవద్దనాలి.

రెండో వాదన ఇంకా గట్టిది. సంఘాల్లో పనిచేసే మిత్రుడొకడు, "కులవివక్షకు కౌన్సెలింగ్ మందా? తప్పు చేసినవాణ్ణి వదిలేసి దెబ్బ తిన్నవాడికి మాత్రలివ్వడమా?" అన్నాడు. ఈ మాటలో సగానికి మేము చేతులెత్తి దండం పెడతాం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2008లో సెంథిల్ కుమార్ చనిపోయాడు. అదే చోట 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. రోహిత్‌కు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉంది, తోటి దళిత విద్యార్థులు నలుగురితో పాటు హాస్టల్ నుంచి వెలివేశారు. ఆగిపోయిన ఫెలోషిప్‌ను ఏ సైకాలజిస్టు ఇప్పించగలడు? రోహిత్ తల్లి రాధిక, ముంబయి వైద్య విద్యార్థిని పాయల్ తడ్వి తల్లి ఆబేదా కలిసి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది కౌన్సెలింగ్ గదుల కోసం కాదు, విశ్వవిద్యాలయాల్లో కులవివక్ష ఆపమని. ఆ పోరాటం జరగాల్సిందే. నోటీసు బోర్డు మీద బాకీ పేర్లు తీసేయించడం, స్కాలర్‌షిప్ నెలనెలా ఇప్పించడం కూడా మానసిక వైద్యమే అని మా నమ్మకం.

అయితే మిగతా సగం దగ్గర మిత్రుడితో మాకు పేచీ. వివక్ష పోయేదాకా వాడు తెల్లవారుజామున మూడింటికి లేచి గోడ చూస్తూ కూర్చోవాలా? కాలు విరగ్గొట్టినవాడి మీద కేసు పెడతాం, విరిగిన కాలుకు కట్టూ కట్టిస్తాం. ఒకటి చేస్తే రెండోది చేయకూడదని ఎవరన్నారు? పోరాడటానికైనా మనిషి బతికి ఉండాలి. మనవాళ్ళు చనిపోతే పెద్ద పెద్ద ఫ్లెక్సీలు కడతాం, బతికుండగా పక్కన కూర్చోం. ఈ మాట కటువుగా ఉంటే క్షమించండి.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఇందులో ఎందరు ఎవరికయినా చెప్పారో, ఎందరు ఐ యామ్ ఫైన్ అన్నారో ఏ లెక్కలోనూ ఉండదు.

చెప్పుకోవడానికి భయపడేవాళ్ళు ఎక్కువగా అడిగేది పోలీసు కేసు గురించి. ఆత్మహత్యా యత్నం చేస్తే కేసవుతుందని, ఉద్యోగం రాదని మన ఊళ్ళల్లో ఇప్పటికీ నమ్మకం. 2018 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించకూడదని, అతనికి వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిదని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలయిన భారతీయ న్యాయసంహితలో పాత 309 సెక్షనే లేదు. మన వైద్యం సంగతులు రహస్యంగా ఉంచాలన్నది కూడా ఆ 2017 చట్టంలోనే ఉంది. డాక్టరు మీ హెచ్ఓడీకి ఫోన్ చేయరు.

ఇంకొకటి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు చెబుతూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలి. హాస్టళ్ళలో, తరగతి గదుల్లో టెలీ మానస్ వంటి హెల్ప్‌లైన్ నంబర్లు కనిపించేలా పెద్ద అక్షరాలతో పెట్టాలి. కాబట్టి మనం అడిగేది దయ కాదు. ఉన్న ఉత్తర్వు. ఆ కౌన్సెలర్ మన భాషలో మాట్లాడాలని, గది స్కాలర్‌షిప్ లైన్ పక్కన ఉండకూడదని మాత్రం మనమే కలిపి అడగాలి.

టెలీ మానస్ 2022 అక్టోబర్ 10న మొదలయింది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మాలో ఇద్దరం రాత్రిపూట చేసి చూశాం. ఒకరం నిజంగా అవసరమయి, ఇంకొకరం వ్యాసంలో రాయాలంటే తెలుసుకోవాలి కదా అని. రెండోవాడు అరగంట మాట్లాడాడు, వాడికీ అవసరమేనని అప్పుడు తెలిసింది. దగ్గర్లో ఆసుపత్రి కావాలంటే, వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఖమ్మంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, కొత్తగూడెంలో అంతకుముందు ఏడాదే వచ్చింది. ఆర్ఎంపీ సెలైన్‌కు పెట్టే డబ్బుతో ఖమ్మం బస్సు చార్జీలు వచ్చేస్తాయి.

పక్కవాడు దిగులుగా ఉంటే ఏం చేయాలని తమ్ముళ్ళు అడగొచ్చు. "ధైర్యంగా ఉండు" అనకండి. ధైర్యం ఉంటే వాడు ఉండేవాడే. "నా కష్టాలు వింటే నీవేపాటి" అని పోటీకి దిగకండి. పక్కన కూర్చోండి. తిన్నాడా, పడుకున్నాడా అని చూడండి. మరీ అనుమానంగా ఉంటే, చచ్చిపోవాలనిపిస్తోందా అని మెల్లగా, నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడతారు గానీ, పుట్టదు. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకండి. వార్డెన్ సార్‌కో పెద్దన్నలకో చెప్పి, తెల్లారి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళండి. వెంట వెళ్ళడమే సగం వైద్యం. ఆ అన్న వెంట రాకపోతే వాడు ఆసుపత్రి గేటు దగ్గర కూడా ఏదో ఒక లైన్లో నిలబడి తిరిగి వచ్చేవాడే.

ఇందుకోసం పూర్వ విద్యార్థులం ఒక పని మొదలుపెట్టాం. ఈ ఏడాది నుంచి మన హాస్టల్ తమ్ముడు ఏ ఊళ్ళో కాలేజీలోనో యూనివర్సిటీలోనో చేరినా, అక్కడున్న మన సీనియర్లు ఇద్దరి ఫోన్ నంబర్లు వాడికి ముందే ఇస్తాం. మొదటి సెమిస్టర్ అంతా నెలకొకసారి వాడితో కలిసి మెస్సులో అన్నం తినాలి. ఉపన్యాసాలు అక్కర్లేదు, ప్లేటు చూస్తే చాలు. పేర్లు ఇవ్వదలచుకున్నవాళ్ళు వార్షికోత్సవం రోజున స్టేజీ పక్కన పెట్టిన రిజిస్టరులో రాయండి. ఇప్పటికి పదకొండు పేర్లొచ్చాయి.

వార్డెన్ సార్‌ను ఇంకొకటి అడిగాం. మెస్సులో మెనూ బోర్డు పక్కన ఖాళీ గోడ ఉంది. అక్కడ 14416 అని పెద్ద అంకెలు రాయించమన్నాం. పెయింటు డబ్బులు మేమిస్తామన్నాం. "డబ్బులు వద్దు, మీరే వచ్చి రాయండి, మీ చేతిరాత నాకు తెలుసు గాబట్టి కొలత గీతలు మాత్రం గీసుకుని రాయండి" అన్నారు. వచ్చే ఆదివారం పొద్దున వస్తున్నాం. నిచ్చెన, బ్రష్షులు మేమే తెచ్చుకుంటాం. నిచ్చెన పట్టుకోవడానికి ఇద్దరు తమ్ముళ్ళు కావాలి.